బిడ్డను ఏ చేత్తో ఎత్తుకుంటవ్?

అల్ఫారెట్టాలో మేము సరుకులు తెచ్చుకునే ఇండియన్ షాపులో బియ్యం సంచులు వెనక గోడ వారన పేర్చి ఉంటాయి. పోయిన శనివారం ఇరవై పౌన్ల సోనామసూరి సంచి కోసం వంగబోయి, వంగకుండా మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పప్పుల అరల మీదే చూపు నిలిపి, సంచిని ఎడమచేత్తో కావలించుకుని నిటారుగా లేచాను. గోనె నార మోచేతి లోపల గరగరలాడింది. పాత బియ్యపు దుమ్ము వాసన గుప్పుమంది. కుడిచెయ్యి మాత్రం నడుం దగ్గర ఖాళీగా ఉండిపోయింది. పక్కన అటుకుల ప్యాకెట్ తిప్పి చూస్తున్న పెద్దాయన "నడుంనొప్పా బాబూ?" అని జాలిగా అడిగాడు. అవునండీ అన్నాను. అసలు సంగతి చెప్పాలంటే భాగ్యక్క గురించి చెప్పాలి, ఆమె గురించి అటుకుల ప్యాకెట్ పట్టుకుని వినడం కుదరదు.

భాగ్యక్కది నల్గొండ దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళ కిందట భర్త ఉద్యోగం మీద కొలరాడో వచ్చింది. ఆయన పోయాక ఇల్లు అమ్మేసి, డెన్వర్‌కి గంట దూరంలో కొండల అంచున కొంత నేల కొని మేకలు పెట్టింది. శనాదివారాల్లో చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ "అక్కా, లేత మేకపోతు ఉందా?" అంటూ ఆమె గేటు ముందు కార్లు ఆపేవాళ్ళు. నేనూ అలా మాంసం కోసం వెళ్ళి, ఆమె ఇంటి పక్కనున్న రెండు గదుల కాటేజీ చూసి మనసు పారేసుకున్నవాడినే. అప్పట్లో ఆఫీసు పని ఇంటినుంచే. అద్దె తక్కువ, ఆకాశం ఎక్కువ. నా భార్య సౌజన్యకి కూడా నచ్చింది. మా నిత్యకి అప్పుడు నాలుగేళ్ళు. మేకపిల్లలన్నిటికీ పేర్లు పెట్టే పనిలో పడిపోయింది. ఏడాదికి సంతకం పెట్టాం.

నవంబరులో ఒక మధ్యాహ్నం నిత్య ఉయ్యాలకి కాస్త అవతల పైన్ ఆకులు కుప్పగా పోగుపడి కనిపించాయి. గాలికి పోగయ్యాయేమో అనుకున్నాను. దగ్గరికెళితే కుప్పలోంచి ఒక గిట్ట బయటికి పొడుచుకొచ్చి ఉంది. సగం తిన్న జింక. ఉయ్యాలకీ దానికీ మధ్య దూరం కొలిచాను. నా అడుగుల్లో ఇరవై రెండు. నేను అక్కడే నిలబడి కేక వేస్తే భాగ్యక్క వచ్చి చూసి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి నడిపించింది. "పిల్లి దాచుకున్న కూడు గిది. మళ్ళొస్తది. జర నోరు మూసుకుని నడువు తమ్మీ" అంది. ఆ కొండల్లో తిరిగే, చిరుతంత ఉండే మౌంటెన్ లయన్‌ని ఆమె ఎప్పుడూ పిల్లి అనే అనేది. వన్యప్రాణి శాఖవాళ్ళు వచ్చి జింకను తీసుకెళ్ళారు, జాగ్రత్తలు చెప్పారు, ఇది వాటి ఊరే అని కూడా చెప్పారు. ఆ పూట నుంచి నిత్య గడప దాటితే చాలు, నేనూ వెంట పరుగెత్తేవాడిని.

సౌజన్య ఇల్లు మారిపోదామంది. లీజు వేసవి దాకా ఉంది. పైగా నాలో ఒక మొండివాడు ఉన్నాడు, వాడికి ప్రతి సమస్యకీ ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది. వారం రోజులు వీడియోలు చూశాను, ఫోరమ్‌లు చదివాను, ఎక్సెల్ షీటు తయారుచేశాను. పదకొండు పిస్టళ్ళు. బరువు, బారెల్ పొడవు, ఎన్ని తూటాలు పడతాయి, ధర, రివ్యూలు, అన్నిటికీ రంగులు. ఆకుపచ్చ గడిలో నిలిచింది పెద్ద టెన్ ఎంఎం పిస్టల్. దానికి ఎలుగుబంట్ల కోసం చేసే గట్టి సీసపు తూటాలు. ల్యాప్‌టాప్ పట్టుకుని భాగ్యక్క వంటింట్లోకి వెళ్ళాను. ఆమె వెల్లుల్లి ఒలుస్తూ నా షీటు మొత్తం ఓపిగ్గా చూసింది. ఆమె నడుముకి తోలు ఒరలో చిన్న పిస్టల్ ఎప్పుడూ ఉండేది, మన ఆడవాళ్ళు తాళాలగుత్తి దోపుకున్నంత మామూలుగా.

"మంచిగ చేసినవ్. ఒక్కటి అడుగుత చెప్పు. బిడ్డను ఏ చేత్తో ఎత్తుకుంటవ్?"

నాకు అర్థం కాలేదు. "ఏ చేత్తో అయితే ఏంటక్కా?"

"పిల్లి వచ్చింది. బిడ్డ నీ ముంగట ఉన్నది. ఎత్తుకోకపోతే ఉరుకుతది, ఉరికితే పిల్లి ఎంటబడ్తది. ఎత్తుకుంటే నీకు మిగిలేది ఒక్క చెయ్యి. గా ఒక్క చేత్తోటి నీ పచ్చ గడి పిస్టల్ని పట్టగల్గుతవా? నీ లిస్టుల గా కాలమ్ ఏది?"

పదకొండు వరుసలూ మళ్ళీ పైనుంచి కిందికి చూశాను. అంతకన్నా సిగ్గు పడాల్సింది, నా లెక్కలన్నిటిలో నేనొక్కడినే ఉన్నాను. ఆ కొండల్లో రెండు చేతులతో తుపాకీ పట్టుకుని వీరుడిలా నిలబడి ఉన్నాను. నిత్య కోసం కొంటున్న వస్తువు లెక్కలో నిత్య లేదు.

ఆ సిగ్గు చాలదన్నట్టు అదే పూట ఇంకో తెలివితక్కువ పని చేశాను. నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నాను. తుపాకీ విషయంలో వీసా వాళ్ళకి ఏవో చిక్కులున్నాయని చదివాను గానీ, మన చిక్కులు మనం ఎలా విప్పుకుంటామో తెలిసిందే కదా. హోల్‌సేల్ షాపు మెంబర్‌షిప్ కార్డు ఒకరిది, సినిమాల పాస్‌వర్డ్ ఇంకొకరిది, ఫోన్ ఫ్యామిలీ ప్లాన్‌లో ఐదు ఇంటిపేర్లు. అదే చనువుతో అన్నాను. "మీరు సిటిజన్ కదా అక్కా. మీ పేరు మీద కొని నాకిచ్చెయ్యండి. డబ్బులు ఫోన్‌లో ఇప్పుడే జెల్ చేస్తా."

భాగ్యక్క ఒలుస్తున్న వెల్లుల్లి పక్కన పెట్టింది. అంతవరకు ఆమె ముఖంలో ఉన్న నవ్వు పోయింది. "షాపుల ఫారం ఇస్తరు. నీ కోసమే కొంటున్నవా అని అడుగుతరు. అవునని అబద్ధం రాయాల్నా నేను? నాకు జైలు, నీకు విమానం టికెట్. గప్పుడు బిడ్డను ఎవలు చూస్తరు, పిల్లి చూస్తదా?" నా ల్యాప్‌టాప్ మూసి నావైపు జరిపి మళ్ళీ అంది. "వీసా మీదున్నోళ్ళు తుపాకీ కాదు, ఒక్క తూటా జేబుల పెట్టుకున్నా నేరమే. హంటింగ్ లైసెన్స్ ఉంటెనే మినహాయింపు. గా లైసెన్స్ క్లాసుకు పో, పరీక్ష రాయి. లాయర్‌ని గూడ ఒక మాట అడుగు. లైసెన్స్ నీ చేతికి వచ్చేదాంక నా పిస్టల్ని ముట్టుడు కాదు, నేను తుడుస్తుంటే ఈ వంటింట్లకు రావొద్దు." ఆ మాట ఆమె అక్షరాలా పాటించింది. తుపాకీ నూనె వాసన కిటికీలోంచి వస్తే, నేను చాయ్ గ్లాసు పట్టుకుని వాకిట్లోనే నిలబడేవాడిని.

నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. బయట పులి తిరుగుతుంటే ఈవిడకి కాగితాలు కావాలి అనుకున్నాను. సౌజన్యతో అన్నాను కూడా. సౌజన్య నావైపు చూసి, "నీకు వీసా పోతే ఆ పులికేం నష్టం?" అని నిద్రపోయింది.

లైసెన్సు వచ్చేలోపు శిక్షణ మొదలైంది. నా చేతికి పసుపురంగు నీళ్ళ పిస్టల్ ఒకటి, ఇరవై పౌన్ల బియ్యం సంచి ఒకటి ఇచ్చింది. సంచి నిత్య అన్నమాట, అట్టపెట్టె పిల్లి. అట్టపెట్టెకి తాడు కట్టి, ఆ తాడుని మేకల దాణా మోసే చిన్న బండికి కట్టి, నాకు కనపడకుండా నా వెనకవైపు షెడ్డు చాటునుంచి బండి నడిపేది. పెట్టె పొదలోంచి బయటికి దూకగానే నేను మోకాళ్ళ మీద కూర్చోవాలి, సంచి ఎత్తాలి, లేవాలి, పిస్టల్ తియ్యాలి, గట్టిగా అరవాలి. చూపు మాత్రం పెట్టె మీదినుంచి తప్పకూడదు. మొదటిరోజు నేను సంచి వైపు చూసేసరికి పెట్టె వచ్చి నా మోకాళ్ళకి తగిలింది. "సచ్చినవ్" అంది. రెండోసారి నడుం వంచాను. "వంగితే మేకలెక్క కనబడ్తవ్. సచ్చినవ్." మూడోసారి సంచి జారి పడి, కుట్టు ఊడి, బియ్యం వాకిలంతా చెల్లాచెదురైంది. ఈసారి సచ్చినవ్ అనలేదు. మేకలు పరుగెత్తుకొచ్చి తింటుంటే చూస్తూ నిలబడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆ గింజలు ఏరడం మొదలుపెట్టాను. ఆ రోజునుంచి నేను దాన్ని ఆటగా తీసుకోలేదు. ఇరవై పౌన్ల తర్వాత నలభై పౌన్ల సంచి వచ్చింది. డిసెంబరు చివరికి నా ఎడమచెయ్యికి కొత్త కండ ఒకటి వచ్చింది, నడుస్తున్నప్పుడు కుడిచెయ్యి ఖాళీగా ఉంచే అలవాటు ఒకటి వచ్చింది. నిత్యకి విడిగా ఇంకో పాఠం చెప్పింది. స్టాచ్యూ ఆట. నాన్న "స్టాచ్యూ" అంటే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి, "ఓవర్" అనేదాకా కదలకూడదు. గెలిస్తే బెల్లంముక్క.

షెడ్డు గుమ్మం పక్కన మేకుకి ఒక కుక్క పట్టెడ వేలాడుతుండేది. కుక్క లేదు. ఒకరోజు అడిగాను. భాగ్యక్క పాలగిన్నె దించి చెప్పింది. "సింగడని ఉండె. నేను కొత్తల పెద్ద రివాల్వర్ కొన్న. ఎంత పెద్దగుంటే అంత ధైర్యమనుకున్న. తూటాలు గూడ నువ్వు చూసినయే, ఎలుగుబంటివి. తెల్లారగట్ల పిల్లి షెడ్డుల పడ్డది. కాల్చిన. పిల్లికి తగల్లే. చెక్కగోడల నుంచి పోయి అవుతల మొరుగుతున్న సింగడికి తగిలింది." ఆమె పట్టెడని వేలితో కొంచెం కదిపింది. "పిల్లి కండ పల్చన తమ్మీ. ఎలుగులెక్క కాదు. తగలంగనే విచ్చుకుని లోపలనే ఆగే తూటా చాలు దానికి. ఆగకుండ పోయే తూటా ఎవలింటికి పోతదో మనకు తెల్వదు. ముందు దాని ఎనకాల ఏమున్నదో చూడు. తర్వాతనే దాన్ని చూడు. గప్పటిదాంక వేలు ట్రిగ్గర్ మీదికి పోవద్దు, పక్కకు నిటారుగ ఉండాలె."

లైసెన్సు వచ్చిన వారం ఇద్దరం తుపాకుల షాపుకి వెళ్ళాం. కారు దిగుతూ ఆమె వెనక సీట్లోంచి బియ్యం సంచి తీసి నా చేతిలో పెట్టింది. "అక్కా, ఇక్కడా?" అన్నాను. "ఈడనే" అంది. కౌంటర్ వెనక తెల్లగడ్డం మనిషి నా లైసెన్సు, పాస్‌పోర్టు చూసి, ఎడమ చంకలో సంచి చూసి, భాగ్యక్కని చూశాడు. ఇంతకాలంలో తన షాపుకి అన్నం తెచ్చుకున్నవాళ్ళు నేనే మొదటన్నాడు. ఖాళీ పిస్టళ్ళు ఒక్కొక్కటే ఇచ్చాడు. నా ఆకుపచ్చ గడి టెన్ ఎంఎం ఒక్క చేత్తో ఎత్తితే నిమిషంలో మణికట్టు వాలిపోయింది. ఐదు తూటాల చిన్న రివాల్వర్ బాగానే అమిరింది గానీ, దాని ట్రిగ్గర్ బరువుకి నొక్కేసరికి ముక్కు నేలవైపు తిరుగుతోంది. జేబులో పట్టే బుల్లి పిస్టల్‌కి నా చిటికెన వేలు పిడి కింద గాల్లో వేలాడింది. అది కాలిస్తే చేతిలో ఎగిరెగిరి పడుతుందన్నాడు గడ్డం మనిషి. చివరికి మిగిలింది నైన్ ఎంఎం కాంపాక్ట్. అన్ని వేళ్ళూ పట్టాయి. బియ్యం ఎడమ చంకలో, పిస్టల్ కుడిచేతిలో, ఇరవై లెక్కపెట్టేదాకా గొట్టం కొసన ఉండే గురి కదలలేదు. "గిదే" అంది భాగ్యక్క. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి ఒర, ముక్కు గుంటగా ఉండి తగలగానే విచ్చుకునే తూటాలు తీసుకున్నాం. ఆ తూటాల పెట్టెలు దుకాణంలో ఉన్నవాటిలో చవకవీ కాదు, ఖరీదైనవీ కాదు. నా షీటులో ఆ పిస్టల్ ఏడో వరుసలో, పసుపు గడిలో ఉంది. తర్వాత ప్రతి ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్ళి ఒంటిచేత్తో కాల్పించింది. ఆమె మెచ్చుకున్నది ఒక్కసారే, అదీ ఒకరోజు నేను వేరేవాళ్ళు ముందుకొచ్చారని కాల్చకుండా ఆగినప్పుడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. పల్చగా మంచు. నిత్యని ప్రీస్కూల్‌కి దింపాలి, కారు గేటు దగ్గర ఉంది. నిత్య నాకంటే రెండడుగులు ముందు ఏదో పాడుకుంటూ నడుస్తోంది. రోజూ గోలచేసే పక్షులు ఆ పూట లేవని నాకు అప్పుడు తట్టలేదు. దారి పక్క గట్టు మీద పొద కింద నేలరంగు మెత్తగా కదిలింది. ముందు తోక కొస కనిపించింది, తర్వాత కళ్ళు. పది అడుగులకి కొంచెం ఎక్కువ ఉంటుందేమో. అవి నన్ను చూడడం లేదు. ఎర్ర కోటు వేసుకున్న నా కూతుర్ని చూస్తున్నాయి.

"స్టాచ్యూ" అన్నాను. నిత్య ఒక కాలు కొంచెం పైకెత్తి అలాగే ఆగింది. నేను రెండడుగులు వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో ఎత్తుకున్నాను. లేచాను. పిస్టల్ ఎప్పుడు బయటికొచ్చిందో తెలియదు. అరిచాను, తెలుగులో ఏమేం తిట్లు వచ్చో అన్నీ. అది వెనక్కి తగ్గలేదు. ఇంకొంచెం నేలకి ఆనింది. గురి దాని ఛాతీ మీద నిలిచింది. భాగ్యక్క మాట గుర్తొచ్చింది: ఎనకాల ఏమున్నదో చూడు. చూశాను. దానికి అవతల, వాలు కింద, షెడ్డు నుంచి వచ్చే దారిలో, రెండు బకెట్లు పట్టుకుని భాగ్యక్క నిలబడి ఉంది.

నా గురి తప్పితే తూటా ఆమెకి. కాల్చకపోతే ఇది నా బిడ్డ మీదికి. జీవితంలో అంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను. "అక్కా!" అన్నాను. ఆమె అప్పటికే చూసింది. ఆమె నడుముకీ పిస్టల్ ఉంది. ఆమె చెయ్యి దానివైపు వెళ్ళలేదు, ఎందుకంటే ఆమె గురికి అవతల ఉన్నది మేము. ఒక బకెట్ మెల్లగా కింద పెట్టింది. పరుగెత్తలేదు, దాక్కోలేదు. మా ముగ్గురి గీతలోంచి పక్కకి, చాటు ఏమీ లేని బయలులోకి, దాని మీదినుంచి చూపు తిప్పకుండా ఒక్కొక్క అడుగే వేసింది. ఆ నడుస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది.

"తమ్మీ, నేను జరుగుతున్న. జరుగుతున్న. ఇగో, ఇప్పుడు నీకు అడ్డం లేను. మీదికొస్తే కాల్చు. రాకుంటే కాల్చకు. విన్నవా?"

తర్వాత దాణా గరిటెతో రెండో బకెట్‌ని దడదడ బాదడం మొదలుపెట్టింది. అది తల తిప్పింది. ఆమెని చూసింది, నన్ను చూసింది. నిత్యని ఎత్తుకున్న నా ఆకారం దానికి ఎలా కనిపించిందో గానీ, ఉన్నచోటే ఒకసారి తోక కొట్టి, గట్టు వెంటే పరుగెత్తి, చెట్లలోకి పోయింది. చప్పుడు కూడా లేదు.

భాగ్యక్క నా దగ్గరికి వచ్చి మొదట నిత్యని చూడలేదు. "వేలు ఏడున్నది తమ్మీ?" అంది. నేను కిందికి చూశాను. చూపుడువేలు ట్రిగ్గర్‌కి పైన, నిటారుగా ఉంది. ఆమె చెప్తుంటే పిస్టల్ మెల్లగా ఒరలో పెట్టాను. అప్పుడు ఆమె మంచులోనే కూలబడి, నా చంకలో వేలాడుతున్న నిత్య బూటు పట్టుకుని ఏడ్చింది. "ఇయ్యాల సింగడిలెక్క గోడకు అవుతల నేనున్న" అంది. నేనూ ఏడ్చాను. నిత్య పెదవులు కదలకుండా, పళ్ళ మధ్యనుంచి అడిగింది. "నాన్నా, ఓవర్ చెప్పవా?"

వేసవిలో సౌజన్య ఉద్యోగం మారి మేము జార్జియా వచ్చేశాం. పిస్టల్‌ని అదే షాపులో అమ్మేశాను. గడ్డం మనిషి బియ్యం ఏవని అడిగాడు. భాగ్యక్క ఫోన్‌లో ఎప్పుడూ నిత్య ఎంత బరువైందని అడిగేది, నేను చెప్తే "ఇంక ఎత్తుతున్నవా?" అనేది. పోయిన చలికాలం నిద్రలోనే పోయిందట. మాకు కబురు తెలిసేసరికి అంతా అయిపోయింది. వెళ్ళలేకపోయాను. నాకు తుపాకీ ఎంచుకోవడం నేర్పినావిడ తుపాకీ పేలకూడదనే తపనతోనే అంతా నేర్పిందని ఆమెకి ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

శనివారం షాపు బయటికొచ్చాక కార్లు అడ్డదిడ్డంగా వెనక్కి వస్తున్నాయి. నిత్యకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పిల్లి గురించి తనకి ఏమీ గుర్తు లేదు, మేమూ చెప్పలేదు. పార్కింగ్ దాటబోతూ అలవాటుగా నా ఎడమవైపుకి వచ్చింది. అక్కడ బియ్యం సంచి ఉంది, దారి పక్కన ఎవరో వదిలేసిన ట్రాలీ ఉంది. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి చాపాను. నిత్య తల అడ్డంగా ఊపింది.

"నో నాన్నా. దట్ వన్ ఈజ్ నాట్ మైన్. నాది ఇది," అని ఎడమ మోచెయ్యి మీద తట్టింది. "రైస్ ట్రాలీలో పెట్టు."

పెట్టాను.